మా మీద రాసినవి మా దాకా వస్తున్నాయా?

అడవులదీవి చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పుకునే మాకు పిల్లల ప్రశ్నలు కొత్తవి కావు. కానీ 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా వచ్చిన రోజుల్లో అయిదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగినదానికి మాత్రం మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. వాడిది ఎరుకల ఇల్లు. "సార్, స్టువర్టుపురంలో అందరూ దొంగలేనంట గదా. మా అమ్మమ్మోళ్ళది ఆ ఊరే. మేం కూడా దొంగలమేనా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో మా యానాదుల పిల్లలు కూడా ఉన్నారు.

"కాదురా" అని కూర్చోబెట్టాం. కాదంటే సరిపోదు, ఎందుకు కాదో చెప్పాలి. మా దగ్గరున్న పాఠ్యపుస్తకంలో ఆ సంగతి లేదు. మేము చదివిన టీటీసీలో పాఠ్య ప్రణాళిక ఎలా రాయాలో చెప్పారుగానీ ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలో చెప్పలేదు. ఆ సాయంత్రం ఫోనులో వెతకడం మొదలుపెట్టాం. ఆ వెతుకులాటలో తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మొదట చేతికి దొరికింది థర్‌స్టన్. ఎడ్గార్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉండి, రంగాచారి సాయంతో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. అది అచ్చయింది 1909లో. మనుషుల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాసుకున్న మనిషి ఆయన. ఎరుకలవాళ్ళను కొరవలతో కలిపి రాసినచోట పోలీసు అధికారుల రాతల మీద బాగా ఆధారపడ్డాడు. దొంగను పట్టుకునేవాడిని అడిగితే దొంగతనం గురించే చెబుతాడు. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్ళకే, 1911లో, నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించేలా మార్చారు. మొదటి చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది.

ఆ ఏడు సంపుటాలూ ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉన్నాయి. కార్డు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. కారణం చాలా మామూలుది. మన దేశంలో రచయిత చనిపోయిన అరవై ఏళ్ళకు పుస్తకం మీద హక్కు తీరిపోతుంది. థర్‌స్టన్ 1935లో పోయాడు. అందుచేత ఆయన మాట అందరి సొత్తు అయింది. ఆ పుస్తకాన్ని తీసిపారేయమని మేము అనడం లేదు. మా వాళ్ళ తెగల పేర్లు, అప్పటి పద్ధతులు కొన్ని అందులో ఉన్నాయి. కానీ అడిగిన పిల్లవాడి చేతిలో దాన్ని మాత్రమే పెడితే, వాడి ప్రశ్నకు అవునని జవాబు చెప్పినట్టే.

కాదని చెప్పే రాతలు లేకపోలేదు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం మీద 1989లో 'ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ' పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. 2001లో ఆమె పుస్తకం కూడా వచ్చింది. ఆమె చెప్పింది టూకీగా ఇది. కొరవలు, ఎరుకలు ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చి అమ్ముకునే సంచార వ్యాపారులు. రోడ్లు, రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద ప్రభుత్వ విధానం మారింది. అడవి చట్టాలు పశువుల మేతకు అడ్డుపడ్డాయి. బతుకుతెరువు పోయినవాళ్ళను, ఒకచోట నిలవనివాళ్ళను సర్కారు అనుమానించింది. తరువాత నేరస్థులని పేరు పెట్టి సెటిల్‌మెంట్లలోకి తోలింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల దగ్గర వెలసిన స్టువర్టుపురం అలాంటిదే. అక్కడివాళ్ళ కష్టం చీరాల పొగాకు కంపెనీకి కూలిగా ఎలా పనికొచ్చిందో కూడా ఆమె రాశారు. మద్రాసులో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేశారు. 1952లో దేశమంతటా పోయింది.

మా పిల్లవాడికి కావలసిన జవాబు ఇదే. కానీ ఇది ఉన్న పత్రిక చందా కట్టిన గ్రంథాలయాల ద్వారా అందేది. చందా లేనివాడు ఒక్క వ్యాసానికైనా డబ్బు కట్టాలి. ఆ ధర డాలర్ల లెక్క, ప్రాథమిక పాఠశాల పంతులు ఇంటి ఖర్చులో ఇమిడేది కాదు. అంటే నూరేళ్ళ నాటి తప్పు మాట ఊరికే దొరుకుతుంది, దాన్ని దిద్దిన మాటకు తాళం వేసి ఉంటుంది. ఇది ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. హక్కుల చట్టం, చందాల వ్యాపారం వేటి దారిన అవి నడిచాయి. నష్టం మాత్రం మా వంటి తెగల మీద పడింది. పాతకాలంలో ఎవరి గురించి చెడ్డగా రాశారో వాళ్ళకే ఈ తాళం బరువు తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 ఇందులో ఉన్నాయి. 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలలోని సుమారు 1 కోటి 80 లక్షల మందికి ఇవి అందుతాయని చెప్పారు. ఎక్కడో జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి కూడా ఢిల్లీ విద్యార్థి చదివేదే అందడం మంచి పని. మా అభ్యంతరం ఒక్కటే. ఆ పేరులో దేశమంతా ఉంది, గడప లోపల మాత్రం కళాశాలలు, పరిశోధన సంస్థలే ఉన్నాయి. పల్లె బడి లేదు, శాఖా గ్రంథాలయం లేదు, తండా లేదు, యానాది కాలనీ లేదు. చెల్లించింది ప్రజల సొమ్మే కదా.

తరువాత ఒక సెలవు రోజున రేపల్లెలో తెనాలి రైలెక్కి, అక్కడి నుంచి ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పోయాం. కౌంటరు దగ్గర కార్డు అడిగారు. లేదన్నాం. ఎందుకొచ్చారన్నారు. మా మీద రాసింది చదువుకోవడానికి వచ్చామని చెప్పడానికి సిగ్గేసి, బడి పని మీద అన్నాం. చివరకు మా తెగ అమ్మాయే, అక్కడ పరిశోధన చేస్తున్నది, గ్రంథపాలకుడి అనుమతి తీసుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంగ్లీషు మాకు నిదానం. సాయంత్రం దాకా ఆ ఒక్క వ్యాసమే చదివాం. అర్థం కానిచోట ఆమె చెప్పింది. ఆమె లేకపోతే ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళం.

ఆ రోజు మరో సంగతి తెలిసింది. డేటాబేసు అంటే అన్నీ తెలిసిన పెద్దమనిషి కాదు. మనం కొట్టిన అక్షరాలను తన దగ్గరున్న అక్షరాలతో పోల్చి చూసే యంత్రం. ఎరుకల అని ఇంగ్లీషులో ఒక రకంగా కొడితే కొన్ని వచ్చాయి, మరో రకంగా కొడితే వేరేవి వచ్చాయి. కొరవ అని కొడితేగానీ కొన్ని బయటపడలేదు. మా తెగ సంగతీ అంతే. థర్‌స్టన్ పుస్తకంలో మా పేరుకు ఇంగ్లీషు వై తర్వాత ఏ ఉంటుంది. షెడ్యూల్డ్ తెగల ప్రభుత్వ జాబితాలో వై తర్వాత ఈ ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో మేము రెండు తెగలమైపోతాం. తెలుగు లిపిలో కొడితే ఆ అంతర్జాతీయ పత్రికల్లో మాకు దొరికింది దాదాపు సున్న. మా పేరు మేము పలికినట్టు రాస్తే దొరకనిచోట మా గురించి వందల పుటలు ఉన్నాయి.

శోధగంగను మెచ్చుకోవాలి. విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం అందులో ఉంచుతోంది. యూజీసీ 2009 నిబంధనలు అలా ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. కార్డు లేకుండా ఎవరైనా చదవొచ్చు. మన గూడేల మీద చేసిన పరిశోధనలు అక్కడ చాలా కనిపిస్తాయి. ఇబ్బంది ఏమంటే, కొన్ని తెలుగు గ్రంథాలు పుటల ఫొటోలుగా ఉన్నాయి. కొన్ని యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో కొట్టినవి. వాటి లోపల ఏ మాట వెతికినా యంత్రానికి దొరకదు. ఇక ఇంగ్లీషువాటి సంగతి సరేసరి. మా గుడిసెల ముందు కూర్చుని, మా ముసలివాళ్ళను తెలుగులో అడిగి రాసుకుపోయినది ఇంగ్లీషులో అచ్చయి ఆ ముసలివాళ్ళకు పరాయిదైపోతుంది. వెన్నెలకంటి రాఘవయ్య మా యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన నెల్లూరు పెద్దమనిషి. 1962లో మా మీద వచ్చిన ఆయన పుస్తకం కూడా ఇంగ్లీషే.

ఊరికి తిరిగొచ్చాక పిల్లవాడి నాయనమ్మతో మాట్లాడాం. బుట్టలల్లే మనిషి. ఉప్పు వ్యాపారం గురించి చదివొచ్చామని చెబితే ఆమె ఈత బద్ద చేతిలో పట్టుకునే, "ఇందుకా అంత దూరం పోయింది? మా అమ్మ వైపోళ్ళు ఉప్పెరుకలోళ్ళు. ఎడ్ల మీద ఉప్పు తోలారని మా అవ్వ చెప్పేది" అంది. ప్రభుత్వ జాబితాలో కూడా ఉప్పు ఎరుకల అనే పేరు ఉంది. మేము ఎన్నిసార్లో చూశాం, కుల ధ్రువపత్రాల కోసం. ఆ పేరులోనే జవాబు ఉందని తోచలేదు. ముసలమ్మ మాట ఒక్కటే ఉంటే లోకం కథ అంటుంది. చరిత్రకారిణి వ్యాసం ఒక్కటే ఉంటే మా ఇంటిదాకా రాదు. రెండూ పక్కపక్కన పెట్టే చోటు కావాలి. అది మా బడి కావచ్చు.

అందుకని మా వైపు నుంచి కొన్ని మాటలు. ప్రచురణ సంస్థలతో చేసుకునే చాలా ఒప్పందాల్లో, గ్రంథాలయానికి నేరుగా వచ్చిన పాఠకుడు అక్కడి కంప్యూటరు మీద చదువుకునే వీలు ఉంటుంది. విశ్వవిద్యాలయాలు ఆ సంగతి గుమ్మం దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. ప్రజల సొమ్ముతో కట్టే చందా జిల్లా, శాఖా గ్రంథాలయాల్లో ఒక్కొక్క కంప్యూటరుకైనా అందాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను దాచి, ఎక్కడెక్కడి పరిశోధకులకో ఇచ్చింది. అది కూడా మన కోస్తా ఊరే. మన గూడేనికి వచ్చి పరిశోధన చేసిన ప్రతివారూ పది పుటల సారాంశం తెలుగులో రాసి ఆ ఊరి బడికి ఇవ్వాలి. పట్టా చేతికొచ్చేముందు ఆ రసీదు కూడా అడగాలి.

మనం చేయవలసింది కూడా ఉంది. వ్యాసం అందకపోతే రచయితకే ఉత్తరం రాసి ప్రతి అడగొచ్చు, చాలామంది పంపుతారు. మన తెగల పేర్లను ఎన్ని రకాల ఇంగ్లీషు అక్షరాలతో రాశారో ఒక పట్టిక తయారు చేసుకుని బడిలో గోడకు అంటించుకుందాం. రాసేది యూనికోడ్‌లో రాద్దాం. ఈ పుస్తకంలోని వ్యాసాలు కూడా వెతికితే దొరికేలా ఉండాలి.

పిల్లవాడికి జవాబు చెప్పాం. ఒకరోజు తెలుగు వాచకం పక్కన పెట్టి, వాడి నాయనమ్మను తరగతికి పిలిచాం. ఆమె ఉప్పెడ్ల కథ చెప్పింది. మేము 1911 చట్టం, 1947లో దాన్ని ఎత్తేయడం బోర్డు మీద రాశాం. వాడు రెండు సంవత్సరాలూ రాసుకుని, "మరి మధ్యలో ఎన్నేళ్ళు సార్?" అని తీసివేత చేశాడు. ముప్పై ఆరు అని వాడే చెప్పాడు. ఆ రోజు తరగతిలో ఎవరూ నవ్వలేదు.