పెన్సిలు పెట్టాల్సిన చోటు

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. బిడ్డ ఎదుగుదలను పిండివంటలతో గుర్తుపెట్టుకునే ఇళ్లు మనవి. తెలుగూ కన్నడమూ ఒకే వాకిట్లో వినిపించే హగరి నది వైపు పల్లెల్లోనూ అంతే. మెడ నిలిపినందుకు మాత్రం ఏ వంటా చేయగా నేను వినలేదు. మిగిలినవన్నీ రావాలంటే ముందు రావలసింది అదే.

మెడ నిలపడాన్ని లెక్కలోకి తీసుకున్న ఒక కాగితం గురించి చెప్పాలి. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం తయారుచేసి, 1991లో ప్రచురించిన ఎదుగుదల పట్టిక అది. బరోడాలో మన పిల్లల మీద లెక్కగట్టిన బేలీ శిశు ఎదుగుదల పరీక్షల నుంచి 17 అంశాలే ఏరారు. నవ్వడం, మెడ నిలపడం, ఆసరా లేకుండా నడవడం, రెండు మాటలు పలకడం వంటివి. ఒక్కో అంశానికి ఒక్కో అడ్డగీత. నూటికి ముగ్గురు పిల్లలు ఆ పని చేయగలిగిన వయసు దగ్గర గీత మొదలవుతుంది, 97 మంది చేయగలిగిన వయసు దగ్గర ఆగుతుంది. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టాలి. దానికి ఎడమ పక్కనే ముగిసిపోయిన పనుల్లో ఏ ఒక్కటి రాకపోయినా పెద్ద పరీక్షకు పంపాలి. పట్టుమని పది నిమిషాలు పట్టదు. పనితనమంటే నాకు ఇదే. ఒక్క తేదీ చెప్పి తల్లిని బెదిరించకుండా, పిల్లల మధ్య సహజంగా ఉండే తేడాను గీత పొడవులోనే ఇమిడ్చారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ పెన్సిలు ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. 32 వారాలకే పుడితే 8 వారాలు ముందు వచ్చినట్టు. కాన్పు రోజు నుంచి లెక్కిస్తే 5 నెలలు నిండినా, ఆ 8 వారాలు తీసేస్తే వచ్చే సరిచేసిన వయసు 3 నెలలే. నిండు నెలల పిల్లలు సాధారణంగా 4 నెలలకు మెడ నిలుపుతారు. ఈ బిడ్డ ఇంకా మెడ నిలపకపోతే, పెన్సిలు 5 దగ్గర పెడితే పట్టిక ఆలస్యమంటుంది, 3 దగ్గర పెడితే ఇంకా గడువుందంటుంది. రెండేళ్లు నిండేదాకా ఈ తీసివేత తప్పదు.

అయితే పెన్సిలుకు అందనిది చేతికి అందుతుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కూర్చోబెడుతూ డాక్టరు తలనే గమనిస్తారు. తొలి వారాల్లో తల వెనక్కి వాలిపోతుంది. నాలుగో నెలకు ఒంటితో పాటే లేస్తుంది. కడుపులో చివరి వారాల్లో ముడుచుకుని ఉండటంతో బిడ్డ ఒంటికి ముందు వైపు బిగువు వస్తుంది. ముందే పుట్టినవారికి ఆ వారాలు దక్కవు కనుక వెనక కండరాలదే పైచేయి. అందుకే బోర్లా వేస్తే తల దిట్టంగా ఎత్తిన బిడ్డే, లేపి కూర్చోబెట్టేటప్పుడు తల వెనక్కి వేలాడేయవచ్చు. అది బలం కాదు, బిగుసుకుపోవడం. ఆ తేడా పట్టగలిగిన చేతికి దండం పెట్టాలి.

తల్లులకు నా మనవి ఒక్కటే. ఎన్నో వారంలో కాన్పయిందో తాయి కార్డు (తల్లీబిడ్డల కార్డు) మీద రాయించుకోండి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు చూపించండి. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్లెదుటే, రోజూ కాసేపు బిడ్డను బోర్లా పడుకోబెట్టండి. సరిచేసిన వయసు 4 నెలలు దాటినా మెడ నిలపకపోతే, ఒళ్లు కట్టెలా బిగుసుకుంటుంటే, ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లలకు పరీక్షలూ చికిత్సా ఉచితం.