చట్టసభ చదవని పద్దు

ఈ మధ్య ఒక సాహిత్య గోష్ఠిలో 'ఎన్‌కౌంటర్' ప్రస్తావన వచ్చింది. మన నేల మీద ఈ మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది కాబట్టి ముందే చెప్పాలి. నేను చెబుతున్నది 1953లో లండన్‌లో మొదలై, ఇంగ్లీషు సాహిత్య విమర్శలో చాలాకాలం గౌరవంగా చెలామణీ అయిన మాసపత్రిక గురించి. దాని వెనక అమెరికన్ గూఢచారి సంస్థ సిఐఏ డబ్బు ఉందన్న సంగతి 1967 నుంచీ లోకానికి తెలుసు. గోష్ఠిలో ఒక విద్యార్థి లేచి, ఆ పత్రికలో అచ్చయినదంతా చెత్తబుట్టలో వేయాల్సిందే అన్నాడు. పెద్దవారైన ఒక విమర్శక మిత్రుడు, డబ్బు ఎక్కడిదో సంపాదకులకు తెలియదు, తెలియనివాణ్ణి దోషిగా నిలబెట్టడం ఏం విమర్శ అన్నారు. గంటసేపు వాదన ఈ రెండు గుంజల మధ్యే తిరిగింది.

నేను అక్కడేమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక తోచింది. ఒకరు డబ్బిచ్చిన చేతిని చూశారు, మరొకరు పుచ్చుకున్న చేతిని చూశారు. ఆ డబ్బుకు ఓటేయడానికి లేచిన చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. సిఐఏ డబ్బు చెట్లకు కాయలేదు కదా. అమెరికన్ చట్టసభ ఏటా మంజూరు చేసిన పన్నుల సొమ్ము అది. ఏమని మంజూరు చేశారు? ఏం అడిగి మంజూరు చేశారు? సాహిత్యానికున్న భౌతిక పునాది గురించి ఇంతగా మాట్లాడే మనం, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను, ఈ ప్రశ్న వేసుకోకపోవడం సిగ్గుపడవలసిన సంగతే.

జరిగినది క్లుప్తంగా చెప్పుకుందాం. 1950 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌లో 'కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడం' పుట్టింది. దాని వ్యవహారాలు నడిపిన మైకేల్ జోసెల్సన్ సిఐఏ మనిషి. అనేక దేశాల్లో శాఖలు, పత్రికలు. లండన్‌లో 'ఎన్‌కౌంటర్', పారిస్‌లో 'ప్రూవ్', బొంబాయిలో 1955 నుంచి 'క్వెస్ట్'. ఈ క్వెస్ట్‌కు తొలి సంపాదకుడు నిస్సిం ఎజెకీల్. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన ప్రతివాడూ ఆయన కవితలు చదివే ఉంటాడు. ఆయన తెలిసి చేశాడని నేననడం లేదు. డబ్బు తిన్నగా రాలేదు, ధర్మనిధుల చేతుల మీదుగా వచ్చింది. ఎన్‌కౌంటర్ సంపాదకుల్లో కవి స్టీఫెన్ స్పెండర్ 1967లో సంగతి బయటపడగానే, తనకు తెలియదని చెప్పి రాజీనామా చేశాడు. ఫ్రాన్సెస్ స్టోనర్ సాండర్స్ 1999లో వెలువరించిన పుస్తకంలో ఈ 'తెలియదు' అన్న మాటను మనిషి మనిషినీ పట్టుకుని పరీక్షించింది. విలువైన పని. కానీ మనుషుల అంతరాత్మల్లోకి ఎంత తొంగిచూసినా ఒక సంగతి అందదు. ఈ తెలియకపోవడం చట్టం ద్వారా ఏర్పాటు చేయబడింది.

1949లో అమెరికన్ చట్టసభ సిఐఏ కోసం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఇతర శాఖల పేర చట్టసభ మంజూరు చేసిన డబ్బును సిఐఏకు బదిలీ చేయవచ్చు. సంస్థ ఎందరు ఉద్యోగుల్ని పెట్టుకున్నదీ, ఎంత జీతాలిస్తున్నదీ బయటపెట్టనక్కర లేదు. రహస్యంగా చేసిన ఖర్చుకు సంస్థాధిపతి సంతకం పెట్టిన ధ్రువపత్రమే తగిన రసీదు. మన ఊళ్ళో సహకార సంఘం కార్యదర్శి ఇలాంటి లెక్క చూపిస్తే సర్వసభ్య సమావేశంలో కుర్చీలు లేస్తాయి. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం తొమ్మిదో సెక్షను ప్రకారం ప్రభుత్వం ప్రతి పైసా రాబడికీ ఖర్చుకూ కాలానుగుణంగా లెక్క ప్రచురించాలి. పెన్సిల్వేనియాకు చెందిన ఒక మామూలు పన్ను చెల్లింపుదారు ఈ వాక్యాన్ని పట్టుకుని సిఐఏ లెక్కలు చూపించమని కోర్టుకెక్కాడు. 1974లో వాళ్ళ సుప్రీంకోర్టు 5-4 తేడాతో అతన్ని వెనక్కి పంపింది. లెక్క రాజ్యాంగబద్ధమా కాదా అని తేల్చలేదు. పన్ను కట్టినంత మాత్రాన ఆ ప్రశ్నతో కోర్టుకెక్కే అర్హత రాదన్నది. ఒక రచనను చర్చించకుండా, దాన్ని చర్చించడానికి నువ్వెవరు అనే విమర్శకులు మనకూ ఉన్నారు.

ఇక నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది 1956 నాటి చర్చ. సిఐఏను కనిపెట్టి ఉండటానికి ఉభయ సభల సంయుక్త సంఘం ఒకటి ఉండాలని మైక్ మాన్స్‌ఫీల్డ్ అనే సెనెటరు తీర్మానం పెట్టాడు. దాన్ని వ్యతిరేకించిన వారిలో లెవరెట్ సాల్టన్‌స్టాల్ ఒకడు. సిఐఏ వ్యవహారాలు చూడవలసిన ఉపసంఘంలో సభ్యుడు. అతను సభలో చెప్పినదాని సారం ఇది. ఆ సంస్థ వాళ్ళు మాకు చెప్పడానికి వెనుకాడటం లేదు. వెనుకాడేది మేమే. సభ్యుడిగానూ పౌరుడిగానూ కొన్ని సంగతులు నాకు తెలియకుండా ఉండటమే నాకిష్టం. తీర్మానం 59-27 ఓట్లతో వీగిపోయింది.

పాఠకులు ఈ సెనెటరు మాటనూ పదకొండేళ్ళ తర్వాత కవి స్పెండర్ చెప్పిన మాటనూ పక్కపక్కన పెట్టి చదవాలి. కవి 'నాకు తెలియదు' అన్నాడు. సెనెటరు 'నాకు తెలియనక్కర లేదు' అన్నాడు. మొదటిది సాధ్యం కావడానికి రెండవది ముందే జరిగి ఉండాలి. డబ్బు ఇచ్చేవాడే ఎక్కడికి పోతోందని అడగకపోతే, పుచ్చుకునేవాడికి అడగవలసిన అవసరం ఎక్కడ తగులుతుంది? గోష్ఠిలో మా పెద్ద మిత్రుడు సంపాదకుల అమాయకత్వాన్ని వెనకేసుకొచ్చినప్పుడు ఆయనకు ఈ సంగతి తట్టలేదు. ఆ అమాయకత్వానికి బడ్జెట్టు కేటాయింపు ఉంది.

చట్టసభ ఒక్కసారైనా నిజం తొక్కలేదా అంటే, తొక్కింది. 1964లో రైట్ పాట్‌మన్ అనే ప్రతినిధి పన్ను మినహాయింపులు పొందే ధర్మనిధుల మీద విచారణ జరుపుతూ, కాప్లాన్ ఫండ్ అనే నిధి సిఐఏ డబ్బుకు గొట్టంగా పనిచేస్తోందని బహిరంగంగా చెప్పేశాడు. దానికి డబ్బు పోసిన మరికొన్ని నిధుల పేర్లు కూడా చదివాడు. తర్వాత సిఐఏ వాళ్ళతో తలుపులు మూసుకుని మాట్లాడాడు. బయటికొచ్చి, ఆ సంస్థ సంగతి తమ విచారణ పరిధిలోకి రాదన్నాడు. అంతటితో సరి. కాని సభలో ఒకసారి పలికిన మాట రికార్డుల్లో ఉండిపోతుంది. ఆ పేర్ల పట్టికే తర్వాత పత్రికల వాళ్ళకు దారి చూపింది. 1967లో 'రాంపార్ట్స్' పత్రిక, అమెరికన్ విద్యార్థి సంఘానికి సిఐఏ డబ్బు ఎలా చేరుతోందో బయటపెట్టింది. సాంస్కృతిక స్వేచ్ఛ డేరా కూడా ఆ గాలికే ఎగిరిపోయింది.

1974 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో సీమోర్ హెర్ష్, సిఐఏ తన దేశ పౌరుల మీదే నిఘా పెట్టిందని రాశాక సెనెట్ కదిలింది. ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన సంఘం వేసింది. 1976 ఏప్రిల్‌లో వెలువడిన ఆ సంఘం తుది నివేదికలు ప్రతి సాహిత్య విద్యార్థీ చదవవలసినవి. అతిశయోక్తి కాదు. 1967 ముగిసేలోగా వెయ్యికి మించిన పుస్తకాలు సిఐఏ తయారు చేయించడమో, డబ్బిచ్చి వేయించడమో జరిగిందనీ, వాటిలో పాతిక వంతు ఇంగ్లీషువనీ ఆ నివేదిక చెబుతుంది. 1963 నుంచి 1966 వరకు, ఫోర్డ్, రాక్‌ఫెల్లర్, కార్నెగీ అనే మూడు పెద్ద సంస్థల్ని పక్కన పెట్టి, మరో 164 సంస్థలు ఇచ్చిన పదివేల డాలర్లకు మించిన గ్రాంట్లు 700. వాటిలో కనీసం 108టిలో సిఐఏ డబ్బు ఉంది. తక్కిన ప్రచార సాధనాలన్నిటికంటె పుస్తకం ఎందుకు మెరుగో ఆ సంస్థ అధికారి ఒకడు 1961లో చేసిన వివరణ కూడా అందులో ఉంది. ఒక్క పుస్తకం పాఠకుడి వైఖరిని, చర్యను మార్చినంతగా మరే సాధనమూ మార్చలేదని అతని అభిప్రాయం. సాహిత్యం సమాజాన్ని మారుస్తుందా అని మనం ఇంకా చర్చాగోష్ఠులు పెట్టుకుంటున్నాం. వాళ్ళు ఎప్పుడో తేల్చుకుని బడ్జెట్టు పెట్టుకున్నారు.

కాని నివేదికను రచనగా చదివితే దాని మౌనం కూడా వినిపిస్తుంది. గూఢచర్యానికి ఏటా మొత్తం ఎంత ఖర్చవుతోందో ఒక్క అంకె వేయాలని సంఘం మొదట అనుకుంది. అప్పటి సిఐఏ అధిపతి జార్జి బుష్ వద్దన్నాడు. అంకె అచ్చుకాలేదు. ప్రతినిధుల సభలో ఓటిస్ పైక్ సంఘం ఇంకా సూటిగా డబ్బుతోనే మొదలుపెట్టింది. ఎంత ఖర్చవుతోంది, దానికి ఏం వస్తోంది అని అడిగింది. చట్టసభకు చెప్పినదానికి విదేశీ గూఢచర్యం అసలు ఖర్చు మూడు నాలుగు రెట్లని తేల్చింది. 1976 జనవరిలో ఆ నివేదికను బయటపెట్టవద్దని ప్రతినిధుల సభే 246-124 ఓట్లతో తీర్మానించింది. తన సంఘం రాసినదాన్ని తానే నిషేధించుకున్న సభ! మరుసటి నెలలో 'విలేజ్ వాయిస్' అనే వారపత్రికకు అది ఎలాగో చేరి అచ్చయింది.

తర్వాత వచ్చిన సంస్కరణలు నిజమైనవే. కాదనను. 1976లో సెనెట్‌లో, 1977లో ప్రతినిధుల సభలో శాశ్వత సంఘాలు ఏర్పడ్డాయి. అవి పద్దులు చూస్తాయి, అధికారుల్ని పిలిపిస్తాయి. అయితే సభ్యుడు తలుపు మూసిన గదిలో విన్నది తనకు ఓటేసిన వాళ్ళకు చెప్పలేడు. ఇదివరకు తెలియని సభ్యుడుండేవాడు, ఇప్పుడు తెలిసి నోరు కట్టుకున్న సభ్యుడు వచ్చాడు. మొత్తం ఖర్చు అంకె కోసం 1997 దాకా ఆగవలసి వచ్చింది. అదీ ఒక శాస్త్రవేత్తల సంస్థ దావా వేశాక. ఆ ఏటి అంకె 2,660 కోట్ల డాలర్లు. 2007లో చట్టమే వచ్చింది. మిలిటరీ గూఢచర్యం కలపకుండా ఆ సంవత్సరం 4,350 కోట్లు, 2023లో 7,170 కోట్లు. అంకె ఒక్కటే. లోపల అధ్యాయాలు లేని శీర్షిక లాంటిది. 2014లో సెనెట్ సంఘం సిఐఏ చిత్రహింసల మీద ఆరువేల ఏడువందల పేజీలకు మించిన నివేదిక తయారుచేస్తే, సారాంశంగా 525 పేజీలు బయటికొచ్చాయి, వాటిలో చాలా వాక్యాల మీద నల్ల పట్టీలు. పైగా ఆ నివేదిక రాస్తున్న సెనెట్ సిబ్బంది కంప్యూటర్లలోకి సిఐఏ వాళ్ళే తొంగిచూశారు. సంస్థాధిపతి ఆ ఏడు జులైలో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతవరకూ రాసి ఆపితే మన పాఠకులకు హాయిగా ఉంటుంది. అమెరికా సామ్రాజ్యవాదం మీద మరో వ్యాసం. కాని నా తరం ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో అతి చవగ్గా కొనుక్కుని పెరిగింది. గోర్కీ, టాల్‌స్టాయ్ మాకు అలా అందారు. ఆ చవక వెనక ఒక రాజ్యం డబ్బు ఉందని అందరికీ తెలుసు, అట్ట మీదే మాస్కో అని ఉంది. దాన్నీ రహస్యపు డబ్బునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయినా నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఉంది. సుప్రీం సోవియట్‌లో కెజిబి పద్దు మీద ఒక్క ప్రతినిధి లేచి ప్రశ్నించాడా అని మేమెన్నడైనా అడిగామా? ఆ సంస్థ మీద ప్రజలు చదవగల చట్టమంటూ వచ్చింది 1991లో, ఆ రాజ్యం కూలిపోయే ఏడు. అక్కడ ఒక సాల్టన్‌స్టాల్ కూడా ఉండనక్కర లేదు. అడగడానికి ఇష్టపడనివాడు ఉండాలంటే అడిగే హక్కయినా ఉండాలి కదా. మా తరం ఈ విషయంలో స్పెండర్ కంటె అమాయకమైనదేమీ కాదు.

మన ఇంటి సంగతి. ఇంటెలిజెన్స్ బ్యూరో బ్రిటిషు కాలం నాటిది. విదేశీ గూఢచర్యానికి రా సంస్థ 1968లో వచ్చింది. ఈ రెండింటినీ పుట్టించి, హద్దులు గీసిన పార్లమెంటు చట్టం లేదు. వాటిని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండే పార్లమెంటరీ సంఘమూ లేదు. 2011లో లోక్‌సభలో మనీష్ తివారి ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు. పార్లమెంటు అజమాయిషీ కావాలని వేసిన వ్యాజ్యాన్ని 2016లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సమాచార హక్కు చట్టం 2005లో వస్తూనే ఇరవై నాలుగో సెక్షనులో అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహాయించి ఈ సంస్థలకు తలుపు వేసింది. నిఘా ఫైళ్ళు మన రచయితలకు కొత్త కాదు. 1974లో పెట్టిన సికిందరాబాదు కుట్రకేసు 1989లో కొట్టేసేదాకా కవితలు సాక్ష్యాలుగా కోర్టులో పడి ఉన్నాయి. ఆ కేసు మీద మనం కథలూ కవితలూ ఎన్నో రాసుకున్నాం. నిఘాకయ్యే ఖర్చు ఏ పద్దు కింద వస్తుందని ఒక్క వ్యాసం రాసినట్టు నాకు గుర్తు లేదు.

గోష్ఠిలో లేచిన విద్యార్థి మొన్న ఇంటికొచ్చాడు. ఎన్‌కౌంటర్‌లో వచ్చిన వ్యాసాలు చదవాలా వద్దా చెప్పండి అన్నాడు. చదవమన్నాను. అచ్చయినవాటితో పాటు అచ్చుకానిదాన్ని కూడా వెతకమన్నాను. డ్వైట్ మక్‌డొనాల్డ్ అమెరికన్ జీవితాన్ని దుయ్యబడుతూ రాసిన వ్యాసాన్ని 1958లో ఆ పత్రిక వేసుకోలేదు, అది 'డిసెంట్' అనే మరో పత్రికలో వచ్చింది. అలాగే మన పార్లమెంటు బడ్జెట్ సమావేశాల్లో పద్దుల మీద చర్చకు కేటాయించిన చివరి రోజు నడక ఒకసారి గమనించమన్నాను. చర్చకు నోచుకోని మంత్రిత్వ శాఖల పద్దులన్నీ ఆ సాయంత్రం కలగలిపి ఓటుకు పెడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గిలెటిన్. కేంద్ర మంత్రివర్గ కార్యాలయం పేర ఉన్న పద్దు ఆ రోజు ఎప్పుడు దాటిపోయిందో చూసి రాసుకురమ్మన్నాను. ఎంతసేపు పట్టిందో కూడా.