లవణరాజు మేలుకున్నాక

గురజాడ ‘లవణరాజు కల’ను విజయనగరంలో చాలా ఏళ్ళు పాఠంగా చెప్పాను. కులం, సంస్కరణ, ముత్యాలసరం అనే మూడు మాటలతో గంట గడిచిపోయేది. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి అడిగింది: “రాజు మేలుకున్నాడు సరే మేడం, ఆ మాల పిల్ల ఏమైపోయింది?” కలలో మనిషికి ఏమవుతుందమ్మా అని నవ్వేశాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాత ఒకరోజు తనే వచ్చి, తను ప్రేమించింది స్నేహితురాలినని చెప్పింది. తమలాంటివాళ్ళు పాతకాలంలో ఉన్నట్టు తెలుగులో ఏదైనా కథ ఉందా అని అడిగింది. నాకు తోచలేదు. వర్జీనియా వుల్ఫ్ 1928లో రాసిన ‘ఆర్లాండో’ ఇచ్చాను. పదహారో శతాబ్దపు యువకుడు కాలాలు దాటుతూ, నడుమ ఒకనాడు స్త్రీగా నిద్రలేచే నవల అది. “బాగుంది మేడం. కానీ ఆ కోటలూ తోటలూ మనవి కావు కదా” అని తిరిగిచ్చేసింది.

కాలంలో వెనక్కి పోవడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమా. యంత్రం తిన్నగా రాయలవారి కాలంలో దిగుతుంది. ప్రయాణికులు ప్రేమికులైన అబ్బాయీ అమ్మాయీ. వాళ్ళకు తోడు ముందే ఉంది కనక గతం ఒక వేడుక. క్వీర్ రచయితలు గతంలోకి వెళ్ళేది వేడుక చూడడానికి కాదు, తోడు వెతుక్కోవడానికి.

గురజాడ తన కథను తీసుకున్న యోగవాసిష్ఠాన్ని మడికి సింగన మధ్యయుగంలోనే తెలుగులోకి తెచ్చాడు. ఆ పిల్ల ప్రశ్న పట్టుకుని నేను మూలకథకు వెళ్ళాను. కొలువులో కాసేపు కళ్ళు మూసిన రాజు, అడవి పల్లెలో ఒక జీవితకాలం కాపురం చేసి, కరువు చూసి మేలుకుంటాడు. మర్నాడు వింధ్య వైపు వెదుక్కుంటూ పోతే ఆ పల్లె నిజంగానే ఉంటుంది. ఒక ముసలామె పోయిన తనవాళ్ళను తలచుకుని ఏడుస్తూ ఉంటుంది. గ్రంథం దాన్ని మనసు చేసే మాయకు ఉదాహరణగా చెబుతుంది. నాకు మాత్రం ఆ కాలం నిజమనడానికి ఆమె ఏడుపే సాక్ష్యం. (మాల పిల్ల ప్రశ్నను ప్రేమ ప్రశ్నగా మార్చి కులాన్ని పక్కకు నెట్టడం నా ఉద్దేశం కాదు. ఆమెను కలలో వదిలేసింది కులమే.)

అదే గ్రంథంలో చూడాల ఉంది. భర్త శిఖిధ్వజుడికంటే ముందే జ్ఞానం పొందిన రాణి. ఆమె మాట లెక్కచేయక అతను అడవికి పోతే, ఆమె రాజ్యమేలుతూనే కుంభుడనే యువకుడి రూపంలో అతనికి గురువవుతుంది, స్నేహితుడవుతుంది. తర్వాత శాపమనే వంకతో రాత్రిళ్ళు మదనిక అనే స్త్రీగా మారి అతన్ని పెళ్ళాడుతుంది. ఒకే దేహంలో పగలొక స్నేహం, రాత్రొక కాపురం. మధ్యయుగపు తెలుగు పాఠకుల దగ్గరున్న గ్రంథం ఇంత దూరం వెళ్ళగలిగింది. కానీ చివరికి అంతా భార్య భర్తకు పెట్టిన పరీక్షగా తేలిపోతుంది. రాజు కుంభుణ్ణి పోగొట్టుకున్నాడన్న సంగతి ఎవరికీ పట్టదు. మన రచయిత్రులు ఎవరైనా రాయవలసింది ఆ పోగొట్టుకోవడం గురించే అనుకుంటాను.

చూడాల కథను జెరాక్సు తీసి, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న ఆ అమ్మాయికి పంపాను. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు ఫోన్ చేసింది. తీర్పు గురించి రెండు మాటలే మాట్లాడింది. చివరి రెండు పేజీలూ చదవలేదట, కుంభుడు ఇంకా కుంభుడిగా ఉండగానే పుస్తకం మూసేసిందట.