మంచం కింద నుంచి కన్యాశుల్కం

యాక్టింగ్ క్లాసులో సీన్లు పంచినప్పుడు నాకు రామప్పపంతులు వేషం వచ్చింది. కన్యాశుల్కం మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో జరిగే రంగం. మంచి వేషమే దొరికిందని సంబరపడి, నా డైలాగుల మీద పచ్చ మార్కర్‌తో గీసుకుంటూ పోయాను. గిరీశం రావడంతో పంతులు మంచం కిందకి దూరతాడు. అక్కణ్ణుంచి చాలాసేపు నా కాయితాల్లో పచ్చరంగే లేదు. క్లాసులో మంచం ఎక్కడిది? రెండు బల్లలు కలిపి, పైన దుప్పటి పరిచి ఇదే మంచం అనుకోమన్నారు. నెల రోజులు, ప్రతి ఆదివారం, నేను దాని కింద పడుకున్నాను.

అంతకుముందు ఈ నాటకం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ, మంచం కిందకి వెళ్ళిన పంతులు నా బుర్రలోంచి కూడా వెళ్ళిపోయేవాడు. పుస్తకంలో మాట్లాడనివాడు లేనట్టే. పైగా అవతల ఉన్నది గిరీశం. నోరు విప్పితే ఇంకెవరూ గుర్తుండరు. ఆడేటప్పుడు అలా కుదరదు. మాట లేకపోయినా నా కాళ్ళు దుప్పటి బయటికి వస్తాయి, దుమ్ముకి తుమ్మొస్తుంది. పంతులు అక్కడే ఉన్నాడు, వింటున్నాడు.

దీంతో మారిపోయేది పంతులు పాత్ర కాదు, మధురవాణి పాత్ర. మాలో ఆ వేషం వేసినమ్మాయి మొదట్లో సావిత్రిలా చేసేది. తప్పు పట్టలేం. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాయే మాలో చాలామందికి మొదటి కన్యాశుల్కం. ఆ ఓరచూపు, ఆ కొంటె నవ్వు అన్నీ బాగానే వచ్చాయి, సీను మాత్రం కదల్లేదు. మా సార్ ఒక్కటే అడిగారు: "ఈ మాట ఎవరితో అంటున్నావమ్మా?"

"గిరీశంతో, సార్."

"మరి కింద ఉన్నాయన వినట్లేదా?"

పై ఆదివారం ఆమె బల్ల మీద కూర్చుని అవే మాటలంది. గిరీశం వైపు చూస్తూనే, మడమతో నా తల దగ్గర బల్లకాలిని మెల్లగా తడుతూ ఉంది. గిరీశాన్ని ఎత్తిపొడిచే ప్రతి మాటా కింద నాకు ఇంకోలా తగలడం మొదలైంది. ఇతన్ని వదిలించుకుంటున్నాను, చూసుకో. అయినా నేనంత చవగ్గా దొరకను, అదీ చూసుకో. అంతకు కాస్త ముందే, తాను ఇంకా గిరీశం మనిషినేనని ఆమె పంతులుకి గుర్తుచేస్తుంది. దీన్ని ఆమె నీతికి రుజువుగా చదవడం మనకి అలవాటు. కింద పడుకుని వింటే నాకు అందులో వృత్తిలో ఉన్న మనిషి జాగ్రత్త వినిపించింది. పాత బేరం పూర్తిగా తెగలేదు, కొత్తది ఇంకా కుదరలేదు. ఈ సందులో ఇద్దరూ చేజారితే ఎలా? నీతి లేదనడం లేదు. బతుకుతెరువు నుంచి దాన్ని విడదీసి చూపించడం ఆమెను ఆడినవాళ్ళకి సాధ్యం కాదంటున్నాను, అంతే.

1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ 1909లో బాగా పెంచి తిరగరాశాడు. మనం ఇవాళ ఇంతగా చెప్పుకునే మధురవాణి ఆ కూర్పులోని మధురవాణే. నాటకం మరీ పొడుగైందన్న ఫిర్యాదు నాకూ ఉండేది. పన్నెండు నిమిషాలకి కుదించాలని మేమూ కత్తెర పట్టాం. ఆమె మాటల్లో ఏది కోసినా, నేను మంచం కింద ఊరికే పడుకున్నవాణ్ణి అయిపోతున్నాను. చివరికి గిరీశం ఇంగ్లీషు కొంత తీసేశాం. (గిరీశం వేసినవాడు ఇప్పటికీ క్షమించలేదు.)

అసలు చిక్కు పూటకూళ్ళమ్మ రాకతో వచ్చింది. ఆమె వస్తోందని తెలిసి గిరీశం కూడా అదే మంచం కిందకి దూరతాడు. ఇద్దరు మగాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు, పైన చీపురుకట్ట. రిహార్సల్లో క్లాసంతా పడీపడీ నవ్వేది. మేమూ రెచ్చిపోయి ప్రతివారం కొంచెం కొంచెం గోల పెంచుకుంటూ పోయాం. పూటకూళ్ళమ్మ వేసినావిడ మా అందరికంటే పెద్దది, ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు చీపురు పక్కన పెట్టి, "ఈవిణ్ణి చూసి ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది.

ఎవరి దగ్గరా జవాబు లేదు. పూటకూళ్ళమ్మ వితంతువు. నలుగురికి వండిపెట్టి బతుకుతోంది. ఆమె తిండి తిన్న గిరీశమే బయట వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతాడు. బుచ్చమ్మ మీద మనకి జాలి కలగాలని కోరుకునే ఈ నాటకం, ఈమె చేతిలో మాత్రం చీపురు పెట్టి నవ్వమంటుంది. ఆమెకి పేరు కూడా లేదు, చేసే పనే పేరు. ఇక్కడ గురజాడ తేలిక నవ్వుకి లొంగిపోయాడని నేను వాదించాను. సార్ ఒప్పుకోలేదు: "ఆయన ఆమె చేతికి కోపం ఇచ్చాడు. దాన్ని గోల చేసింది మీరు." నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు. విధవ కోపం వేదిక మీదకి ఎప్పుడూ చీపురుతోనే ఎందుకు రావాలన్నది నా ప్రశ్న.

ప్రదర్శన రోజు ఆవిడ అరవలేదు. మంచం కింద నుంచి నాకు ఆవిడ పాదాలే కనిపించాయి. పరుగెత్తుకు రాలేదు, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. అలవాటుకొద్దీ ఎవరో నవ్వబోయి మధ్యలో ఆపేశారు. చీపురు నేలకి రాసుకుంటున్న చప్పుడు దగ్గరైంది. నేను గోడవైపు జరగబోయాను. అక్కడ అప్పటికే గిరీశం ఉన్నాడు.