సువార్త ప్రచార ఆజ్ఞ: ఒక విమర్శనాత్మక పరిశీలన

2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడేవరకు దౌల్తాబాద్ మెదక్ జిల్లాలోనిది. ఆ సీమలో మసీదుకు వెళ్ళేవారూ, చర్చికి వెళ్ళేవారూ ఒకే సంతలో సరుకులు కొంటారు, ఒకే వాన కోసం ఎదురుచూస్తారు. కనుక "లోకమంతటా సువార్త ప్రకటించాలి, సకల జాతులను శిష్యులుగా చేయాలి" అన్న క్రైస్తవ భావన అక్కడి ముస్లింలకు గ్రంథాలలో మాత్రమే ఎదురయ్యే విషయం కాదు. అది ఇరుగుపొరుగు వ్యవహారం. ఇరుగుపొరుగు విషయంలో తీర్పు చెప్పేవారికి న్యాయం మరింత అవసరం.

ఈ ఆజ్ఞకు ఆధారం మత్తయి సువార్త చివరి అధ్యాయం. గ్రీకు మూలంలో ఆ వాక్యానికి ప్రధాన క్రియ ఒక్కటే: శిష్యులుగా చేయడం. వెళ్ళడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం అనే మూడూ దానిని ఆశ్రయించి ఉన్నవే. శిష్యుడంటే గురువు వద్ద నేర్చుకుని, నేర్చినదానిని ఆచరించేవాడు. సంఘం పట్టీలో పేరు ఎక్కినంత మాత్రాన ఎవరూ శిష్యులు కారు. కాబట్టి క్రైస్తవ ప్రచారాన్ని మొదట దాని సొంత కొలబద్దతోనే కొలవాలి. అది మనుషులను తీర్చిదిద్దిందా, లెక్కలు పెంచిందా అన్నదే ఆ కొలబద్ద.

ఈ వాక్యంపై ముస్లిం పండితుల అభ్యంతరం పాతదే. ఈసా (అలైహిస్సలాం) ఇస్రాయీల్ సంతతి వద్దకు పంపబడిన ప్రవక్త అని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది (3:49). అదే మత్తయి సువార్త 10, 15 అధ్యాయాలలోనూ ఆయన కార్యరంగం ఇస్రాయీల్ వంశానికే పరిమితమైనట్లు కనిపిస్తుంది. 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీకీ, ఫాండర్ పాదరీకీ బహిరంగ వాదం జరిగిన నాటినుంచి ఇటువంటి ప్రశ్నలు ఈ దేశంలో చర్చకు వస్తూనే ఉన్నాయి. మొదటి ఆదేశం పునరుత్థానానికి ముందుదనీ, రెండవది తరువాతిదనీ క్రైస్తవుల సమాధానం. పునరుత్థానాన్ని నమ్మనివారికి ఆ సమాధానం సరిపోదు. త్రిత్వ నామంలో బాప్తిస్మం తౌహీద్ విశ్వాసికి ఏనాడూ అంగీకారం కాదు. ఈ భేదాన్ని కప్పిపుచ్చవలసిన పనిలేదు. అయితే విశ్వాసభేదం వేరు, వ్యక్తుల నిజాయితీపై నింద వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

"అన్నం పెట్టి మతం మార్చారు" అన్నది ఆ నింద. తెలుగునాట దీనిని పరీక్షించడానికి ఒంగోలు చరిత్ర తగిన ఉదాహరణ. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలాది పేదలకు కూలి కల్పించాడు. సాయం సాగిన కాలంలో మాత్రం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆకలి తీర్చుకోవడానికి వచ్చినవాడెవడో, విశ్వసించి వచ్చినవాడెవడో తేలాలన్నది అతని ఉద్దేశం. ఆ తరువాత 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

క్లౌ పాటించిన నిగ్రహాన్ని మెచ్చుకోవలసిందే. కాని దానితో ప్రశ్న ముగియలేదు. సాయం ఆగిన మరునాటికే కృతజ్ఞత ఆగిపోదు. ప్రాణం నిలిపిన చేతిని కాదనడం పేదవాడికి తేలిక కాదు. మరోవైపు, కరువుకు పదేళ్ళ ముందే యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు ఊరూరా తిరిగి తమవారికి తామే బోధించారన్నదీ వాస్తవమే. ఆ ఉద్యమాన్ని కేవలం దొరల గంజి ఫలితమనడం పేరయ్య వంటివారి ఆలోచనను, శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడమే అవుతుంది.

మెదక్‌లోనూ ఇదే ప్రశ్న తలెత్తుతుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. కరువు రోజుల్లో ఆ కట్టడం పని అనేకులకు తిండి పెట్టింది. కూలివాడు చెమటోడ్చి కూలి తీసుకుంటాడు. ఆ కూలికి మతం షరతు కానంతవరకు దానిని ప్రలోభమనరాదు. షరతు అయిన చోట మాత్రం, ఎవరు చేసినా, అది ప్రలోభమే.

సామూహిక మతస్వీకారాలపై మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ 1933లో "క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా" అనే అధ్యయనం వెలువరించాడు. ప్రజలు మతం స్వీకరించిన కారణాలను అతడు ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినవి అని విభజించాడు. ఏ కారణంతో వచ్చారన్న దానికన్నా, వచ్చిన తరువాత ఎంత బోధన, ఎంత ఆరాధన లభించిందన్నదే వారి జీవితాలను మార్చిందని తేల్చాడు. ఈ నిర్ణయం విలువైనది. "శిష్యులుగా చేయడం" అన్న మాటకు ఇది చక్కని వ్యాఖ్యానం. కాని ఇందులో ఒక లోపముంది. దారి ఎటువంటిదైనా గమ్యం మంచిదైతే చాలునన్న సడలింపుకు ఇది తావిస్తుంది. పైగా గౌరవాన్ని కోరి వచ్చినవాడిని "సామాజిక" గడిలో పెట్టి, ఆత్మను వెదికినవాడిని మరో గడిలో పెట్టడం కృత్రిమం. తరతరాలుగా ఊరిబయట నిలబెట్టబడిన మనిషికి, దేవుని ముందు తానూ మనిషినేనని తెలియడం ఆధ్యాత్మికం కాక మరేమిటి? సమానత్వాన్ని చూసి ఇస్లాంను చేపట్టినవారి గురించి గర్వంగా చెప్పుకునే ముస్లిం, అదే కారణంతో చర్చికి వెళ్ళినవాడిని ఆశపోతు అనలేడు.

ప్రలోభ వాదాన్ని చట్టం కూడా బలపరచదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు పరిధిలోకి సిక్కులు 1956లో, బౌద్ధులు 1990లో చేరారు. క్రైస్తవులైన దళితులూ, ముస్లింలైన దళితులూ ఆ హోదాకు వెలుపలే ఉండిపోయారు. లాభం కోసమే మారారని అందరూ అనేవారే, అలా మారినవాడు పోగొట్టుకునేదానిని ఎవరూ లెక్కించరు.

1976 జూన్‌లో స్విట్జర్లాండులోని షాంబేజీలో క్రైస్తవ మిషన్, ఇస్లామీయ దావత్‌లపై ఉభయ మతాల పండితులు సమావేశమయ్యారు. ఖుర్షీద్ అహ్మద్, ఇస్మాయీల్ ఫారూఖీ వంటివారు అందులో పాల్గొన్నారు. ఒప్పించే హక్కునూ, ఒప్పుకునే హక్కునూ సమావేశం గుర్తించింది. సేవను మతమార్పిడికి సాధనంగా వాడుకోవడాన్ని ఖండించింది. తమలో కొందరు ఈ తప్పు చేశారని క్రైస్తవ ప్రతినిధులు అంగీకరించడం చిన్న విషయం కాదు.

మరి ముస్లింల సంగతి? వివేకంతో, మంచి మాటతో పిలవమని దివ్య ఖుర్ఆన్ ఆదేశం (16:125). ధర్మంలో బలవంతం లేదన్నది దాని నియమం (2:256). అన్నం పెట్టి ప్రతిఫలాన్ని గాని, కృతజ్ఞతను గాని కోరనివారిని అది ప్రశంసిస్తుంది (76:8-9). ఇక్కడ క్రైస్తవ సోదరుడు ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు: జకాత్ ధనంలో హృదయాలను చేరదీయవలసినవారికి కూడా వాటా ఉంది కదా (9:60)? ఆ వాటాను హజ్రత్ ఉమర్ (రజి) నిలిపివేశారు. దాని అవసరం తీరిపోయిందన్నది హనఫీ పండితుల అభిప్రాయం. అది నేటికీ వర్తిస్తుందనేవారూ ఉన్నారు. ఏ అభిప్రాయాన్ని స్వీకరించినా, విశ్వాసాన్ని కొనడానికి అది అనుమతి కాదని వివరించే బాధ్యత ముస్లింలదే. ఆ బాధ్యతను తప్పించుకుని ఎదుటివారి గంజిని మాత్రమే ఎత్తిచూపేవారు న్యాయం పలికినట్లు కాదు.

దౌల్తాబాద్‌లో గాని, మరో ఊళ్ళో గాని సువార్తికుడు తలుపు తట్టినప్పుడు అతని మాటను వినవచ్చు, అంగీకరించనిదానిని స్పష్టంగా తిరస్కరించవచ్చు. ఇచ్చే చేయి షరతు పెడితే ఆ షరతును కాదనవచ్చు. అదే వీధిలోని పేదవాడికి ముస్లింలు అన్నం పెట్టేటప్పుడు కూడా అతని మతం అడగకుండా ఉండాలి. ఒక సముదాయానికి ఒక తూకం, మరొకదానికి మరో తూకం వాడే త్రాసును అల్లాహ్ మెచ్చడు.