సున్నం చేతుల కోఠీ

హైదరాబాదు కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం గేటు దాటి, చెట్ల నీడన నడిచి, పాత రెసిడెన్సీ మెట్ల దగ్గర నిలబడండి. ముందుగా రెండు సింహాలు కనిపిస్తాయి. వాటి వెనక ఆరు ఎత్తైన స్తంభాలు, ఆ పైన త్రికోణపు నుదురు, అందులో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. దూరాన్నుంచి అంతా పాలరాతి పనే అనిపిస్తుంది. దగ్గరికి పోయి స్తంభాన్ని అరచేత్తో తడిమితే అసలు సంగతి తెలుస్తుంది. ఇది గచ్చు. ఇటుక పేర్చి, దాని మీద సున్నం పొర మీద పొర ఎక్కించి, నున్నటి రాయితో రుద్ది మెరుపు తెచ్చిన మనిషి పని. రెండు వందల ఏళ్ళు దాటినా దర్జా తగ్గలేదు.

ఈ భవనాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది దాన్ని ప్రేమకథగా మెచ్చుకుంటారు. 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా బేగంను పెళ్ళాడటం, పరదా చాటున ఉండే ఆమె ఇల్లంతా చూసుకునేందుకు జనానా తోటలో భవనం నమూనాను చిన్నదిగా కట్టించాడని చెప్పుకోవడం, 2002లో విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' రాయడం అందరికీ తెలిసినవే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ మనుషులతో ఈ రెసిడెన్సీ మీదికే దండెత్తి వచ్చారని కూడా గుర్తు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఈ గోడల పనితనం గురించి, ఆ పని మళ్ళీ ఊపిరి పోసుకున్నందువల్ల చుట్టూ ఉన్న పాత పేటకు దక్కిన బతుకు గురించి.

పని 1803లో మొదలైంది. నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్లలో లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్. ఖర్చు నిజాంది. చెయ్యి మాత్రం ఈ దేశపు మేస్త్రీలది. గ్రీకు, రోమను కట్టడాల్లో రాతితో చెక్కే స్తంభాన్ని ఇక్కడి తాపీ పనివాళ్ళు సున్నంలో దించారు. అది ఎంత కష్టమైన పనో ఒక్కసారి ఆలోచించండి. స్తంభం అడుగున లావుగా ఉండి పైకి పోను పోను సన్నబడాలి. ఆ సన్నబడటం గీత గీసినట్టు తిన్నగా ఉంటే కంటికి నడుము చిక్కినట్టు కనిపిస్తుంది. అందుకని మధ్యలో కొద్దిగా, చూసేవాడు పట్టుకోలేనంత కొద్దిగా, ఉబ్బు ఇవ్వాలి. ఉలితో రాయి చెక్కేవాడు తీసెయ్యగలడు గాని చేర్చలేడు. తాపీ పట్టినవాడికి రెండూ చేతనవును. కానీ సున్నం ఆరేలోపు ఆ తీరు కుదరాలి. దారానికి వేలాడే గుండు ఒక పక్క, కన్ను ఇంకో పక్క, అంతే ఆధారం. స్తంభం తలమీద విచ్చుకున్న ఆకుల గుత్తులు చూడండి. ఒక్కో ఆకు అంచు బయటికి వంగి, కింద నీడ పడేటట్టు తీర్చారు. నీడ లేకపోతే ఆ ఎత్తున ఆకు ఆకులా కనిపించదు. కింద నిలబడ్డ మనిషి కంటికి ఏది ఎలా కనబడుతుందో, పైన పరంజా మీద కూర్చుని లెక్క కట్టినవాడి తెలివి అది.

సున్నం పనిలో తొందర పనికిరాదు. సున్నపురాయిని బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే గుల్లవుతుంది. నీళ్ళు తగలగానే పొయ్యి మీది పాలలా పొంగి, బుసలు కొట్టి, చివరికి వెన్నముద్దగా మారుతుంది. ఆ ముద్దను వారాల తరబడి నీటి కింద నిలవ చెయ్యాలి. ఎంత నిలవైతే అంత జిగి. తరవాత గానుగ. గుండ్రటి రాతి కాలవలో ఎడ్లు తిప్పే రాతి చక్రం కింద సున్నం, ఇసుక, మెత్తగా దంచిన ఇటుకపొడి కలిసి నలగాలి. మన ఊళ్ళలో పెద్దలు డంగుసున్నం అని గొప్పగా చెప్పుకునేది ఇదే. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోస్తే పట్టు వస్తుంది. పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన చేర్చేవాళ్ళు. ఒక పొర గట్టిపడ్డాకే రెండోది, అది ఆరీ ఆరక ముందే మూడోది. చివర నున్నని గులకరాయితో రుద్దుతూ పోతే నీరు చెమర్చినట్టు మెరుపు పైకి తేలుతుంది. ఆ తరవాత కూడా పని ఆగదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఏళ్ళ తరబడి తాగుతూ మళ్ళీ రాయిగా మారుతుంది. అంటే మేస్త్రీ చెయ్యి తీసేశాక కూడా గోడ గట్టిపడుతూనే ఉంటుంది.

ఈ పద్ధతికి ఇంకో మంచి గుణం ఉంది. సున్నపు గోడ తేమను పీల్చుకుని వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. లోపల ఇటుక నాని, ఉప్పు పొంగి, కొన్నేళ్ళకు సిమెంటు పెచ్చుతోపాటు పాత ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. మంచి మనసుతో చేసిన మరమ్మతే పాత ఇళ్ళను ఎక్కువగా చంపింది. రెసిడెన్సీకీ అలాంటి రోజులు వచ్చాయి. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి వచ్చింది. తరాల తరబడి ఆడపిల్లలు దర్బారు హాలు అద్దాల కింద చదువుకున్నారు, రెండు పాయలుగా తిరిగే ఆ పెద్ద మెట్ల మీద ఎక్కి దిగారు. వాడుక వల్ల భవనం నిలిచింది. కానీ పైకప్పు కారింది, దూలాలు పుచ్చాయి, గచ్చు పెచ్చులూడింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం, ప్రభుత్వం కలిసి ఏళ్ళ తరబడి సాగించిన పని వల్ల భవనం తిరిగి నిలదొక్కుకుంది. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమై, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. కంపెనీ దొర కొలువుదీరిన చోటికి, భూమి కోసం దొరలను ఎదిరించిన ఆడమనిషి పేరు వచ్చింది.

మరమ్మతు చేసేవాడి నైపుణ్యం కట్టినవాడి నైపుణ్యానికి తీసిపోదని ఈ గోడల దగ్గరే తెలుస్తుంది. సున్నం పనిలో మరమ్మతు మేస్త్రీ ముందు గోడను వేలి కణుపులతో తట్టి వింటాడు. గట్టి చప్పుడు వస్తే ముట్టుకోడు. డొల్లగా మోగితే అంతవరకే గీసి తీస్తాడు. తీసిన చోట పాత సున్నం చిటికెడు నలిపి, అందులో ఇసుక ఎంతో, ఇటుకపొడి ఎంతో చూసి, అదే పాళ్ళలో కొత్తది కలుపుతాడు. అంచు దగ్గర కొత్త పూత పాతదాని మీదికి ఎక్కకూడదు, దానికి దిగువనా ఆగకూడదు. రెండూ ఒక్క మట్టంలో కలవాలి. గోడ పొడుగునా సాగే అలంకారపు పట్టీలకు ఇనుపరేకును ఆ ఆకారంలో కత్తిరించి, తడి సున్నం మీద ఒకే ఊపున లాగాలి. చెయ్యి వణికితే మొత్తం చెరిపి మళ్ళీ మొదలు. ఇంతా చేసి, తాను చేసిన చోటు ఎవరూ కనిపెట్టకపోతేనే గెలిచినట్టు. తన పని కనపడకూడదని పంతం పట్టి చేసే పనివాడికి ఎంత మెప్పు ఇచ్చినా తక్కువే.

మిద్దె పనిలో ఆడవాళ్ళ చెయ్యి కూడా ఉంది. పాతకాలపు మిద్దె మీద సున్నం, ఇటుక ముక్కలు పరిచి, ఆడకూలీలు బారులుగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. దెబ్బ ఒక్కతీరుగా పడటానికి పాట పాడేవాళ్ళు. బీటలు పూడి, నీళ్ళు చిలకరిస్తే ఇంకకుండా నిలిచేదాకా ఆ దెబ్బ ఆగేది కాదు. నక్షా గీసినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. ఆ లయ పట్టుకున్నవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

ఈ గేటు బయట ఉన్నదే సుల్తాన్‌బజారు. ఒకప్పుడు రెసిడెన్సీ బజారు. 1933లో నిజాంకు తిరిగి దఖలుపడ్డాక ఈ పేరు వచ్చింది. అంతకుముందు రెసిడెంటు ఏలుబడిలో ఉన్నందువల్ల నిజాం ఆంక్షల తీవ్రత ఇక్కడ కొంత తక్కువగా ఉండేది. అందుకే మాటకూ, పుస్తకానికీ ఈ చుట్టుపక్కల చోటు దొరికింది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం రామకోటిలో రావిచెట్టు రంగారావు ఇంట్లో పుట్టింది, తరవాత సుల్తాన్‌బజారులో స్థిరపడింది. దాని వెనక నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు మా జగ్గయ్యపేట వైపు మెట్ట సీమవాడు, పెనుగంచిప్రోలులో 1877లో పుట్టాడు. ఆయనకు అండగా ఉన్న నాయని వెంకటరంగారావు ఏలిన మునగాల పరగణా ఆనాటి నందిగామ తాలూకాలోదే. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థలో నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు కూడా ఒకరు. ఆయనే 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయ్యారు. నందిగామ, చిల్లకల్లు మీదుగా పోయే హైదరాబాదు రోడ్డు మా వాళ్ళకు ఆనాటి నుంచీ చదువు దారి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కట్టకముందు బస్సు ఆగిన గౌలిగూడకు ఈ పేట కూతవేటు దూరం.

పేట ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఉదయం విద్యార్థినులు, వైద్య కళాశాల పిల్లలు, బడీచౌడీలో కూరగాయల బేరాలు, పాత పుస్తకాల దుకాణాలు, సందుల్లో అద్దె గదులు. 2020 ఫిబ్రవరిలో ఇరుకు బజారు మీదుగా మెట్రో కూడా నడిచింది. నాలుగడుగులు వేస్తే మొజంజాహీ మార్కెట్. 1935లో గ్రానైటుతో కట్టిన ఆ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. రాళ్ళ మసి కడిగి, గుబురుగా అల్లుకున్న బోర్డులు, రేకులు తీసేసరికి గడియారపు బురుజు మళ్ళీ కంటినిండా కనిపించింది. అంగళ్ళు మాత్రం అంగళ్ళుగానే ఉన్నాయి, ఐస్‌క్రీమ్ అమ్మకం ఆగలేదు. పాత పేటను బాగుచెయ్యడమంటే ఇదేనని నా గట్టి నమ్మకం. జనాన్ని ఖాళీ చేయించి బొమ్మగా నిలబెట్టిన వీధికి రంగు ఉంటుంది గాని ప్రాణం ఉండదు. విద్యార్థి అద్దె కట్టగలిగి, చిన్న వ్యాపారి దుకాణం తెరవగలిగి, గోడ తన సున్నంతో తాను ఊపిరి పీల్చగలిగినప్పుడే పేట నిలుస్తుంది.

ఇదంతా మా జగ్గయ్యపేటకు ఎందుకు కావాలంటే, సున్నపురాయి మా కాళ్ళ కింది సంపద. జయంతిపురంలో, ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేది దాన్నే. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు బేతవోలు దగ్గర తండ్రి పేరిట పేట కట్టించడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే, అక్కడి ధనబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపాన్ని మేలిరకం సున్నపురాతి పలకలతో తొడిగారు. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. వానలా నాణేలు కురిపిస్తున్న మాంధాత చక్రవర్తి శిల్పం అక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి ఒంటి తీరునీ, చుట్టూ ఉన్న సప్తరత్నాలనీ చెక్కిన లోతు చాలా తక్కువ. ఆ కాస్త లోతులోనే మనిషి, గుర్రం, ఏనుగు విడివిడిగా నిలుస్తాయి. కృష్ణకు అవతల అమరావతిలో ఇలాంటి పలకలనే బట్టీలో వేసి సున్నం కాల్చుకున్నారు. ఒకే రాయి ఒక చేతిలో శిల్పమైంది, ఇంకో చేతిలో బూడిదైంది.

ధనబోడు దగ్గర ఇంకో అపురూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, స్తూపం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టినవాడు సిద్ధార్థుడు. అతను రాజూ కాదు, వర్తకుడూ కాదు. పనివాళ్ళ పెద్ద. తండ్రీ అదే వృత్తివాడు. తల్లి, భార్య, బిడ్డలు, సోదరుడి కుటుంబం పేర్లతో సహా ఆ దానం రాతి మీద చెక్కి ఉంది. మూడో శతాబ్దంలో ఒక పనివాడికి తన పేరు రాతి మీద రాసుకునే గౌరవం మా ఊళ్ళో ఉండేది.

ఆ గౌరవాన్ని తిరిగి ఇవ్వడం మన చేతిలో పనే. రెసిడెన్సీ వాకిట్లో, మొజంజాహీ మార్కెట్ కింద ఒక్కో రాయి పాతి, సున్నం కలిపినవాళ్ళవీ, మిద్దె కొట్టినవాళ్ళవీ, రాయి కడిగినవాళ్ళవీ పేర్లు చెక్కించాలి. జగ్గయ్యపేట, నందిగామ పాత బజార్లలో మిగిలిన మిద్దెల్ని పడగొట్టేముందు యజమానులు ఒక్క సున్నం మేస్త్రీని పిలిచి గోడ తట్టించి చూడాలి. మన పాలిటెక్నిక్‌లలో కాంక్రీటుతోపాటు డంగుసున్నం కూడా పిల్లల చేత కలిపించాలి. రాయి మన దగ్గరే ఉంది, చూసి నేర్చుకోదగ్గ పని కోఠీలో కళ్ళెదుటే ఉంది. ఆ విద్య చేతుల్లో ఉన్న మేస్త్రీలు పెద్దవాళ్ళవుతున్నారు. నేర్చుకునేవాళ్ళను వాళ్ళ దగ్గరికి పంపాల్సింది ఈ తరంలోనే.