పన్నెండు సెకన్ల పరీక్ష

1999 మే 17న కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం ఓ స్క్రీన్‌సేవర్‌ని జనంలోకి వదిలింది. పేరు సెటి ఎట్ హోమ్. యజమాని టీకి లేచి వెళ్తే చాలు, ఖాళీగా ఉన్న కంప్యూటర్ గ్రహాంతరవాసుల జాడ వెతికే పనిలో పడేది. జీతం లేదు, కరెంటు బిల్లు మనదే. అయినా 2020లో ఇళ్లకు పని పంచడం ఆగే నాటికి 50 లక్షల మందికి పైగా చేరారు.

నాసా వెతుకులాటకు అమెరికా కాంగ్రెస్ 1993లోనే నిధులు ఆపేసింది. కాబట్టి అంతా పొదుపు మీదే నడిచింది. ప్యూర్టోరికోలోని అరెసిబోలో 305 మీటర్ల టెలిస్కోప్‌తో వేరే శాస్త్రవేత్తలు తమ పని చేసుకుంటుంటే, వీళ్ల రిసీవర్ దాన్నే ఆసరా చేసుకుని వినేది. హైడ్రోజన్ సహజ పౌనఃపున్యమైన 1420 మెగాహెర్ట్జ్ చుట్టూ 2.5 మెగాహెర్ట్జ్ మేర టేపుల్లోకి ఎక్కించేవారు. అంత డేటాను మోసే ఇంటర్నెట్ అక్కడ లేదు, టేపులు పోస్టులో బర్కిలీ చేరేవి. అక్కడ వాటిని 107 సెకన్ల ముక్కలు చేసి ఇళ్లకు పంచేవారు.

అసలు చమత్కారం ఆ ముక్కను పరీక్షించడంలో ఉంది. నక్షత్రాల రొద విశాలంగా పరుచుకుంటుంది. ఎవరైనా కావాలని పంపిన సంకేతం సన్నగా ఒకే పౌనఃపున్యం దగ్గర ఉంటుందని అంచనా. అయితే భూమి తిరుగుతోంది, వాళ్ల గ్రహమూ తిరుగుతూ ఉండొచ్చు. అందువల్ల ఆ సంకేతపు పౌనఃపున్యం నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. ఎంత వేగంతో జరుగుతుందో తెలియదు కనుక వేలాది వేగాలను ఊహించి లెక్క కట్టాలి. గంటలు మింగింది ఈ లెక్కే. తెర మీది రంగురంగుల గ్రాఫ్ కూడా కొంత మింగేది. చేయి తిరిగినవాళ్లు దాన్ని తీసేసి నడిపేవారు.

నాకు బాగా నచ్చిన పరీక్ష వేరే. టెలిస్కోప్ కదలకుండా ఉన్నప్పుడు ఆకాశంలోని ఏ బిందువైనా దాని చూపులోంచి సుమారు 12 సెకన్లలో దాటిపోతుంది. నిజంగా పైనుంచి వచ్చే సంకేతం ఆ 12 సెకన్లలోనే పెరిగి తగ్గాలి. పక్క ఊరి రాడార్‌కి ఈ క్రమశిక్షణ ఉండదు.

1977 ఆగస్టు 15న ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోప్‌కు అందిన ‘వావ్’ సంకేతం అక్కడి లెక్క ప్రకారం 72 సెకన్లలో అలాగే పెరిగి తగ్గింది. కానీ మళ్లీ ఎన్నడూ వినపడలేదు. పత్రికలు దాన్ని ఇంకా మోస్తున్నాయి. రెండోసారి వినిపించనిది ఆధారం కాదన్నదే నా పక్షం.

మనుషుల మీదా పరీక్ష తప్పలేదు. చేసిన పనికి ఇచ్చే పాయింట్ల పట్టికలో పైకెక్కాలని కొందరు దొంగ ఫలితాలు పంపారు. అందుకే ఒకే ముక్కను ఒకటికి మించి ఇళ్లకు పంపి సరిపోల్చారు.

చివరికి 1200 కోట్ల అనుమానాస్పద సంకేతాలు మిగిలాయి. వడపోత ఎంత నమ్మదగినదో చూడడానికి శాస్త్రవేత్తలే నకిలీ సంకేతాలను మధ్యలో కలిపారు. జాబితా ఓ వందకు తగ్గింది. వాటి వైపు చైనాలోని ఫాస్ట్ టెలిస్కోప్‌ను తిప్పారు. ఇప్పటివరకు గ్రహాంతరవాసులు దొరకలేదు. అయితే ఇంత ఆకాశంలో, ఈ బలానికి మించిన సంకేతం తమకు కనబడలేదని లెక్కతో చెప్పగలుగుతున్నారు. ఊరికే లేరనడం కంటే ఇది చాలా విలువైన మాట.

ఇళ్ల కంప్యూటర్లకు పని పంచే ఈ పద్ధతి ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటిదే మరో ప్రాజెక్టు ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో చేరిన ఇంటి కంప్యూటర్లు 2010లో అరెసిబో డేటాలోనే పల్సార్ అనే రకం కొత్త నక్షత్రాన్ని పట్టుకున్నాయి. అందులో చేరడానికి కావలసిన బోయింక్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితమే. పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే మాత్రం వేడెక్కకుండా ప్రాసెసర్ వాడకాన్ని సగానికి తగ్గించండి.